క్లబ్బు చేతులు మారినను జీతపు బాకీ మాయము కారాదు

కదిర్కామం, పుదుచ్చేరి: నష్టములు వచ్చినపుడు ఫుట్‌బాల్ క్లబ్బు యజమాని పెట్టుబడి కొనసాగించవలెనా, అమ్మి తొలగవలెనా అని అభిమానులు వాదించుకొందురు. మేము అంతకు ముందు అడుగవలసిన ప్రశ్న నడుగుచున్నాము. జీతపు బాకీ ఎవరు తీర్తురు?

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయినది. 2023-24 సీజనులో జీతములు అందక పలువురు ఆటగాండ్రు జట్టును వీడిరి. 2024లో క్లబ్బు జిందాల్ గ్రూపు చేతికి వచ్చినది. 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలినది.

అదే నగరమున రహీం శిక్షణలో 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన పోలీసు జట్టు ఆటగాండ్రకు సర్కారు కొలువుండెను. మన రైల్వే ఆటగాండ్రకును ఉద్యోగమే అండ. ఓడినను నెల జీతము ఆగదు.

కాంట్రాక్టరు మారినపుడు పాత బాకీకి దిక్కెవరని అడుగు కార్మికుల గోడు మన సోదరులకు కొత్త కాదు. ఆటగాడును, మైదానపు పనివాడును అట్టి శ్రామికులే.

యజమాని ఉండుట, పోవుట అతని ఇష్టము. అయితే బకాయిలు తీర్చిన పిదపనే అమ్మకము చెల్లవలెను. మిగిలిన బాకీని కొన్నవారు వ్రాతపూర్వకముగా స్వీకరించవలెను. ఇందుకై లీగు నిర్వాహకులు ముందుగానే బ్యాంకు హామీ తీసికొనవలెనని మేము కోరుచున్నాము.