కారు బుక్ చేసి నెలలైనా రాలేదా? కట్టిన అడ్వాన్స్ వెనక్కి తీసుకోండిలా..

షోరూమ్‌కి వెళ్లారు. కారు నచ్చింది. రంగు, వేరియంట్ చెప్పి పాతిక వేలు కట్టారు. 'దసరాకి బండి మీ ఇంటి ముందుంటుంది సార్' అన్నారు సేల్స్ ఎగ్జిక్యూటివ్. దసరా వెళ్లిపోయింది. దీపావళికి తప్పకుండా అన్నారు. అదీ వెళ్లింది. సంక్రాంతి ముందు ఫోన్ చేస్తే 'కంపెనీ నుంచి అలాట్‌మెంట్ రాలేదండీ' అన్న మాటే మళ్లీ. విసిగిపోయి 'బుకింగ్ రద్దు చేయండి, నా డబ్బులు నాకివ్వండి' అన్నారు. అప్పటిదాకా ఎవరూ చదివి వినిపించని రసీదు వెనక వైపు అప్పుడు చూపిస్తారు. అక్కడ చిన్న అక్షరాల్లో 'బుకింగ్ అమౌంట్ నాన్ రిఫండబుల్' అని ఉంటుంది.

ఆ ఒక్క మాట చూసి చాలామంది డబ్బుల మీద ఆశ వదిలేసుకుంటారు. వదులుకోనక్కర్లేదు. రసీదు మీద ఏం రాసి ఉందన్నదానికంటే, ఇచ్చిన మాట తప్పింది ఎవరన్నదే చట్టం ముందు చూస్తుంది. తప్పింది మీరు కాదని కాగితం మీద చూపించగలిగితే డబ్బు రావడానికి దారి ఉంది. ఆ కాగితం ఎలా తయారు చేసుకోవాలో, ఎవరి దగ్గరికి వెళ్లాలో చూద్దాం.

అడ్వాన్స్ మాత్రమే కట్టాను, నేను వినియోగదారుడినేనా?

అవును. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పూర్తి ధర కట్టినవారే కాదు, కొంత కట్టి మిగతాది కడతామని ఒప్పుకున్నవారు కూడా వినియోగదారులే. కారు చేతికి రాలేదు కాబట్టి మీకు హక్కు లేదన్న వాదన నిలవదు.

వ్యాపారం కోసం కొంటే ఈ చట్టం వర్తించదు. అయితే ఒక మినహాయింపు ఉంది. సొంతంగా నడుపుకొని బతకడానికి ట్యాక్సీ కొనుక్కునే డ్రైవర్ వినియోగదారుడి కిందికే వస్తారు. పది కార్లు కొని అద్దెకు తిప్పే ట్రావెల్స్ యజమాని రారు.

'నాన్ రిఫండబుల్' అని రాసి ఉంటే?

ఇక్కడ రెండు సందర్భాలను విడదీసి చూడాలి.

మొదటిది, చెప్పిన టైముకి కారు సిద్ధంగా ఉంది, మీరే మనసు మార్చుకున్నారు. అప్పుడు మాట తప్పింది మీరు. రద్దు చార్జీ కింద కొంత పట్టుకునే అవకాశం డీలర్‌కు ఉంది. అలాగని ఎంత పడితే అంత కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందంలో ఎంత రాసుకున్నా, దక్కేది సహేతుకమైన పరిహారమే.

రెండోది, చెప్పిన గడువుకు డీలరే కారు ఇవ్వలేకపోయారు. అప్పుడు మాట తప్పింది అవతలి వాళ్లు. తమ తప్పుకి మీ డబ్బు జప్తు చేసుకోవడం కుదరదు. 2015లో కైలాష్ నాథ్ అసోసియేట్స్, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్పష్టంగా చెప్పింది. అది స్థలం వేలానికి సంబంధించిన కేసు. కొనుగోలుదారు ఒప్పందం ఉల్లంఘించలేదు. పైగా అదే స్థలాన్ని ఆ సంస్థ తర్వాత ఇంకా ఎక్కువ ధరకు అమ్ముకుంది. ఉల్లంఘన లేనప్పుడు, నష్టమూ లేనప్పుడు ధరావతు జప్తు చెల్లదని కోర్టు తేల్చింది.

ఈ సూత్రాన్ని మీ కారుకు అన్వయించి చూడండి. మీరు తప్పుకోగానే ఆ బండి వెయిటింగ్ లిస్టులో తర్వాతి వారికి వెళ్తుంది. మరి డీలర్‌కు కలిగిన నష్టం ఏమిటి? ఈ ప్రశ్నను మీరు రాతపూర్వకంగా అడగాలి.

రసీదు మీద తేదీ లేదు, 'సుమారు' అని ఉంది. అప్పుడెలా?

చాలా బుకింగ్ ఫారాల్లో 'అంచనా డెలివరీ' అనో, 'లభ్యతను బట్టి' అనో ఉంటుంది. మరికొన్నింట్లో ఏమీ ఉండదు. గడువు రాయనంత మాత్రాన ఎన్నేళ్లయినా ఆగాలని అర్థం కాదు. గడువు లేని ఒప్పందాన్ని సహేతుకమైన సమయంలో నెరవేర్చాలని కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 46 చెబుతోంది.

మీరు చేయాల్సింది ఒక్కటే. గడువు మీరే పెట్టండి. 'ఫలానా రోజు బుక్ చేశాను. ఇన్ని నెలలైంది. మీ సిబ్బంది ఫలానా తేదీల్లో ఇస్తామన్నారు. ఈ ఈమెయిల్ అందిన 15 రోజుల్లోగా ఛాసిస్ నంబర్‌తో సహా అలాట్‌మెంట్ చూపించి డెలివరీ తేదీ రాతపూర్వకంగా ఇవ్వండి. లేదంటే బుకింగ్ రద్దు చేసుకుంటాను' అని రాయండి. ఇక 'సుమారు' అన్న మాట చాటున దాక్కోవడం వాళ్లకు కష్టమవుతుంది.

రద్దు చేసుకోకుండా ఆలస్యంగానైనా కారు తీసుకోవాలనుకుంటే ఇంకో జాగ్రత్త ఉంది. గడువు దాటాక ఏమీ అనకుండా తీసుకుంటే, ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోతుంది. సెక్షన్ 55 చెబుతున్నది ఇదే. ఆలస్యం వల్ల నష్టం జరిగి ఉంటే, పరిహారం అడిగే హక్కు వదులుకోవడం లేదని కారు తీసుకునే సమయంలోనే రాసివ్వండి.

రద్దు లేఖలో ఏం రాస్తున్నారో చూసుకోండి

గెలిచే కేసు కూడా చాలాసార్లు ఇక్కడే దెబ్బతింటుంది. 'డబ్బులు కావాలంటే ఈ ఫారం నింపండి' అని షోరూమ్‌లో ఒక కాగితం ఇస్తారు. రద్దుకు కారణం అన్నచోట 'వ్యక్తిగత కారణాలు' అని రాయమంటారు, లేదా వాళ్లే రాసేస్తారు. త్వరగా పని అవుతుందని మీరు సంతకం పెట్టేస్తారు. ఆ సంతకంతో మాట తప్పిన వ్యక్తి మీరే అవుతారు. చార్జీ పట్టుకోవడానికి ఆధారం మీ చేతులతో ఇచ్చినట్టే.

కారణం దగ్గర ఉన్నది ఉన్నట్టు రాయండి. వాళ్ల ఫారంలో కుదరకపోతే మీ లేఖ మీరే ఇవ్వండి. ఇలా ఉంటే చాలు:

'ఫలానా తేదీన, ఫలానా రసీదు నంబరుతో, ఫలానా మోడల్ కారుకు రూ.25,000 చెల్లించాను. ఫలానా తేదీకి డెలివరీ ఇస్తామని మీ సంస్థ చెప్పింది. గడువు దాటి ఇన్ని రోజులైనా కారు ఇవ్వలేదు. ఈ ఆలస్యం కారణంగానే బుకింగ్ రద్దు చేసుకుంటున్నాను. పూర్తి మొత్తాన్ని 15 రోజుల్లో నా బ్యాంకు ఖాతాకు జమ చేయండి. కోత విధిస్తే దానికి ఆధారమైన నష్టం వివరాలు రాతపూర్వకంగా ఇవ్వండి.'

దీన్ని ఈమెయిల్ చేయండి. స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచుకోండి. ఫోన్‌లో ఏదైనా హామీ ఇస్తే, 'ఇప్పుడే మీరు ఫోన్‌లో ఇలా చెప్పారు' అని వెంటనే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. డబ్బు ఖాతాలో పడేదాకా ఒరిజినల్ రసీదు చేతులు దాటనివ్వకండి. అడిగితే జిరాక్స్ ఇవ్వండి.

డీలర్‌ని అడగాలా? కంపెనీనా?

ముందు రసీదు చూడండి. డబ్బు ఎవరి ఖాతాకు వెళ్లింది? షోరూమ్‌లో కడితే సాధారణంగా డీలర్‌కు వెళ్తుంది. కంపెనీ వెబ్‌సైట్లో కడితే కంపెనీకి వెళ్లి ఉండవచ్చు. తీసుకున్నవారే తిరిగివ్వాలి.

అయినా లేఖ కాపీ కంపెనీ కస్టమర్ కేర్‌కు కూడా పంపండి. కారణం ఉంది. డీలర్ చేసిన తప్పుకు తయారీ కంపెనీ దానంతటదే బాధ్యురాలు కాదని, ఆ విషయం కంపెనీకి తెలుసని లేదా అందులో పాత్ర ఉందని చూపించాలని 2021లో టాటా మోటార్స్, ఆంటోనియో పాలో వాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఈమెయిల్ చేరాక 'మాకేమీ తెలియదు' అనడానికి కంపెనీకి వీలుండదు. పైగా చాలాసార్లు కంపెనీ నుంచి ఒక ఫోన్ వెళ్తేనే షోరూమ్‌లో ఫైలు కదులుతుంది.

'జీఎస్టీ పోను ఇస్తాం' అంటున్నారు. సరైనదేనా?

వస్తువుల అమ్మకానికి తీసుకునే అడ్వాన్సుపై మామూలు డీలర్లు జీఎస్టీ కట్టాల్సిన అవసరం 2017 నవంబర్ 15 నుంచి లేదు. ఇన్‌వాయిస్ వేసినప్పుడే పన్ను పడుతుంది. కారు ఇన్‌వాయిసే కానప్పుడు 'మీ అడ్వాన్స్ మీద జీఎస్టీ కట్టేశాం' అనే మాటకు అర్థం లేదు. కట్టామంటే చలానా చూపించమనండి.

కారు లోన్ మంజూరైనా డబ్బు ఇంకా విడుదల కాకపోతే, వద్దని బ్యాంకుకు వెంటనే రాసివ్వండి. డబ్బు డీలర్ ఖాతాకు వెళ్లిపోయి ఉంటే వడ్డీ మీ మీద పడుతూ ఉంటుంది. ఆ మొత్తాన్ని బ్యాంకుకు వెనక్కి పంపమని డీలర్‌కు విడిగా లేఖ ఇవ్వండి. ఆ మధ్య కాలపు వడ్డీని కూడా మీ ఫిర్యాదులో నష్టంగా అడగవచ్చు.

గడువు దాటినా డబ్బు రాలేదు. తర్వాత?

మొదటి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. మీ ఫిర్యాదును వాళ్లు కంపెనీకి పంపి సమాధానం అడుగుతారు. అది కోర్టు కాదు, ఆదేశాలివ్వలేదు. అయినా చాలా చిన్న మొత్తాల గొడవలు తెగేది అక్కడే. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి.

అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. దీని గురించి ఉన్న భయాల్లో చాలావాటికి ఆధారం లేదు.

ఫీజు: చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు. రూ.50 లక్షల వరకు చెల్లించిన కేసులు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి.

ఎక్కడ వేయాలి: షోరూమ్ హైదరాబాద్‌లో ఉన్నా, మీరు ఖమ్మంలో ఉంటే ఖమ్మంలోనే వేయొచ్చు. మీరు నివసించే చోటో, పనిచేసే చోటో ఫిర్యాదు చేసే హక్కును 2019 చట్టం ఇచ్చింది.

లాయర్: తప్పనిసరి కాదు. మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయొచ్చు. వీడియో విచారణ కావాలని కోరవచ్చు.

గడువు: వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. 'వచ్చే నెల, వచ్చే నెల' అనే మాటలు నమ్మి దీన్ని దాటనివ్వకండి.

నోటీసు అందాక అవతలి వారు 30 రోజుల్లో జవాబివ్వాలి. మహా అయితే మరో 15 రోజులు దొరుకుతాయి. ఇలాంటి కేసు మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. అందుకే అసలుతో పాటు చెల్లించిన రోజు నుంచి వడ్డీ, ఇబ్బందికి పరిహారం, ఖర్చులు కూడా ఫిర్యాదులోనే అడగండి. అడగనిది రాదు. కమిషన్ ఆదేశాన్ని పాటించకపోతే జైలు శిక్షకు, జరిమానాకు కూడా వీలుంది.

ఎప్పుడు కష్టమవుతుంది?

మీ పేరు మీద ఇన్‌వాయిస్ అయిపోయి, లైఫ్ ట్యాక్స్ కట్టి, రిజిస్ట్రేషన్ మొదలయ్యాక వెనక్కి తగ్గడం తేలిక కాదు. అప్పుడది బుకింగ్ రద్దు కాదు, దాదాపు పూర్తయిన అమ్మకం. కాబట్టి కారును కళ్లారా చూసి, ఛాసిస్ నంబర్ సరిచూసుకోకుండా 'ఇన్‌వాయిస్ వేసేయండి' అనకండి. అలాగే, బండి సిద్ధంగా ఉందని చెప్పినా ఆషాఢమనో, మూఢమనో మీరే వాయిదా వేసుకుంటే ఆ రోజులను డీలర్ ఆలస్యం కింద లెక్కించలేరు.

ఎగ్జిక్యూటివ్ సొంత ఫోన్‌పే నంబరుకు డబ్బు పంపినవారికి ఇంకా కష్టం. ఆ డబ్బు తమకు అందలేదని షోరూమ్ చేతులెత్తేయవచ్చు. ఎంత పరిచయస్తుడైనా సరే, సంస్థ ఖాతాకే కట్టండి.

ఇప్పుడే బుక్ చేయబోతున్నారా?

పెన్ను అడిగి, డెలివరీ తేదీని బుకింగ్ ఫారం మీదే రాయించండి. కింద 'ఈ తేదీకి ఇవ్వకపోతే పూర్తి మొత్తం వాపసు' అన్న ఒక్క వాక్యం, షోరూమ్ ముద్ర, సంతకం తీసుకోండి. ధర ఏ రోజుదో కూడా అడగండి. సాధారణంగా డెలివరీ నాటి ధరే వర్తిస్తుందని రాసి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22న చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు ఆగినవారికి అది కలిసొచ్చింది. కంపెనీ ధర పెంచితే అదే షరతు మీ జేబుకు చిల్లు పెడుతుంది.

'రాసివ్వడం మా పాలసీలో లేదండీ' అంటే, ఆ తేదీ మీద వాళ్లకే నమ్మకం లేదని అర్థం. డబ్బు ఇంకా మీ జేబులోనే ఉంది కాబట్టి, పక్క షోరూమ్‌లో కూడా ఒక మాట అడిగి చూడండి.