గోల్ఫ్ ఆటలో గజాల లెక్క

బేతమంగళ చెరువు నిండుగా వున్నప్పుడు కట్టమీద నిలబడి, అవతలి ఒడ్డు ఎంత దూరమో చెప్పమని నలుగురిని అడిగి చూడండి. నలుగురూ నాలుగు లెక్కలు చెబుతారు. వాటిలో చాలావరకు అసలు దూరం కన్న తక్కువగానే వుంటాయి. మధ్యన చెట్టూ, పుట్టా, మనిషీ ఏదీ లేకపోతే కంటికి ఆధారం దొరకదు. నీటిమీద దూరం దగ్గరగా కనిపిస్తుంది. చూసి ఆనందించేవారికి దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. గోల్ఫ్ ఆడేవారికి మాత్రం ఇదే పెద్ద చిక్కు. ఆ చిక్కును గురించీ, దాన్ని తీర్చటానికి వచ్చిన జి.పి.ఎస్. యంత్రాన్ని గురించీ ఈ నెల ముచ్చటించుకుందాము.

"గోల్ఫుకూ మనకూ ఏమి సంబంధం? అది దొరల ఆట గదా!" అని కొందరనవచ్చు. ఒకప్పుడు నిజమే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు కోలారు బంగారు గనుల పని చేపట్టిన తరువాత, దొరలు ఇక్కడ బంగళాలతోపాటు క్లబ్బునూ, గోల్ఫ్ మైదానాన్నీ ఏర్పాటు చేసుకున్నారు. మన బేతమంగళ నీళ్ళు తాగి గనుల ఊళ్ళు పెరిగాయి. మనవాళ్ళు గనిలోకి దిగేవారు; దొరలు ఎండ తగ్గాక బంతి కొట్టేవారు. 2001లో గనులు మూతపడ్డాయి. మన పిల్లలు మారికుప్పం రైలెక్కి బెంగుళూరు పనులకు పోయారు. కొందరు సముద్రాలు దాటారు. బెంగుళూరులో 1876 నాటి నుంచీ గోల్ఫ్ క్లబ్బు వున్నది. అక్కడి మైదానాల్లోనే కాడీగా, అంటే ఆటగాళ్ళ సంచి మోసే కుర్రవాడుగా పనిచేసి పైకి వచ్చిన సి. మునియప్ప 2009లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. కాబట్టి ఇది ఇక దొరల ఆట కాదు. ఈనాడు అమెరికా నుంచి వచ్చిన కొడుకో, అల్లుడో పెద్దాయన చేతికి ఒక గోల్ఫ్ గడియారం తొడిగి వెళ్ళటం వింత కాదు. అయితే ఆ గడియారాన్ని ఏమి చెయ్యాలో మాత్రం చెప్పి వెళ్ళరు!

ఆట తెలియనివారికి ఒక్క ముక్క. చిన్న బంతిని కర్రతో కొట్టి, దూరాన వున్న గుంతలో వెయ్యాలి. ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. సంచిలో పధ్నాలుగు దాకా కర్రలుంటాయి. ఒక్కొక్క కర్ర బంతిని ఒక్కొక్క దూరం పంపుతుంది. అందుచేత కర్ర ఎత్తేముందు తేల్చుకోవలసిన సంగతులు రెండు: గుంత ఎన్ని గజాల దూరాన వున్నది? ఈ కర్రతో నేను ఎన్ని గజాలు కొట్టగలను?

మొదటి ప్రశ్నకు పూర్వం కాడీ కన్నే జవాబు. తరువాత అడుగులతో కొలవటం వచ్చింది. 1961లో అమెరికా అమెచ్యూర్ పోటీకి పెబుల్ బీచ్ వెళ్ళిన జాక్ నిక్లాస్, డీన్ బీమన్ అనే తోటి ఆటగాడి సలహా మీద మైదానాన్ని అడుగులతో కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. ఆ పోటీ అతనే గెలిచాడు. క్రమంగా అందరూ అలాంటి కొలతల పుస్తకాలు జేబులో పెట్టుకోవటం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆ పని ఆకాశం చేసిపెడుతున్నది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జి.పి.ఎస్. ఉపగ్రహాలు తిరుగుతూ వుంటాయి. ప్రతిదానిలోనూ అణుగడియారం వుంటుంది. "నేను ఫలానాచోట వున్నాను, నా గడియారంలో టైము ఇంత" అని అది ఎడతెగకుండా సంకేతం పంపుతూనే వుంటుంది. ఆ సంకేతం వచ్చి చేరటానికి పట్టిన కాలాన్ని బట్టి మన యంత్రం దూరం కట్టుకుంటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల లెక్క కుదిరితే మనం నిలబడ్డ చోటు తేలుతుంది. సెకనులో పదిలక్షో వంతు తేడా వస్తే కొలతలో 300 మీటర్లు తప్పిపోతుంది! మొదట్లో అమెరికా ప్రభుత్వం సామాన్య ప్రజలకు వచ్చే సంకేతాన్ని కావాలనే కొంత చెడగొట్టి పంపేది. 2000 మే నెలలో ఆ పద్ధతి మానుకున్నది. అప్పటినుంచే ఈ యంత్రం గోల్ఫుకు బాగా పనికివచ్చింది. ఇప్పుడు ఆరుబయట నాలుగైదు గజాల తేడాలో సరైన చోటు చెబుతుంది.

మైదానం పటం ముందే యంత్రంలో వుంటుంది. మనం నిలబడ్డ చోటు తెలియగానే, గుంత చుట్టూ నున్నగా పెంచిన పచ్చిక, అంటే గ్రీన్ అంటారే, దాని ముందు అంచు, నడిమి, వెనుక అంచు ఎన్ని గజాల దూరాన వున్నాయో మూడు అంకెలు చూపిస్తుంది. జెండా ఆ రోజు గ్రీన్‌లో ఏ మూల పాతారో మామూలు గడియారానికి తెలియదు. దానికి లేజర్ దుర్భిణి వేరే వున్నది.

ఇంతవరకూ మొదటి ప్రశ్న. చిక్కంతా రెండోదానితోనే.

ఒక పెద్దమనిషి వున్నాడనుకోండి. గడియారం 150 గజాలన్నది. "ఏడో నంబరు ఐరన్‌తో నేను 150 కొడతాను" అని ఆయన నమ్మకం. ఎప్పుడో ఒకనాడు, వెనుక గాలి వీస్తుండగా, గట్టినేల మీద బంతి దొర్లి దొర్లి 150 పోయింది. ఆ ఒక్క దెబ్బే ఆయనకు జ్ఞాపకం. మామూలు రోజున ఆయన కొట్టేది 130. బంతి గ్రీన్ ముందున్న ఇసుక గుంటలో పడుతుంది. ఆయన గడియారాన్ని తిడతాడు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఊరికే పుట్టిందా? యంత్రం చెప్పిన దూరం సరైనదే. తన బలాన్ని గురించి తాను చెప్పుకున్న లెక్కే తప్పు.

కాబట్టి గడియారంతో చెయ్యవలసిన మొదటి పని గుంత దూరం చూడటం కాదు. మన దెబ్బను కొలుచుకోవటం. చాలా గడియారాలలో అందుకు ఏర్పాటు వుంటుంది. మైదానం ఖాళీగా వున్న పూట వెళ్ళండి. కర్రకు పది బంతుల చొప్పున కొట్టండి. కొట్టినచోట గుర్తు నొక్కి, బంతి దాకా నడిచివెళ్ళి గజాలు చూడండి. అన్నిటికన్న దూరం పోయిన రెండూ, దగ్గర పడిన రెండూ తీసెయ్యండి. మిగిలిన ఆరింటి సగటు ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకోండి. అదే మీ కర్ర. గొప్ప దెబ్బ మీది కాదు. సగటు దెబ్బే మీది. రాసిన అంకె చూసి మొదట మనసు కొంచెం చివుక్కుమంటుంది. కానీ ఆ రోజు నుంచే ఆట బాగుపడుతుంది.

రెండోది: గ్రీన్ ముందు అంచు అంకెను నమ్ముకోకండి. నడిమి అంకెకు సరిపడే కర్ర తీయండి. బంతి కాస్త తగ్గినా పచ్చిక మీదే వుంటుంది.

మూడోది: దారిలో నీళ్ళో, ఇసుకో అడ్డం వుంటే దాని అవతలి అంచు దూరం చూడండి. మీ సగటు దెబ్బ దాన్ని సునాయాసంగా దాటకపోతే, ఇవతలే ఆగేటట్టు చిన్న కర్రతో కొట్టండి. నీటిమీద కన్ను చేసే మోసం మొదటే చెప్పుకున్నాము గదా!

నాలుగోది మన సీమకు ప్రత్యేకం. బంగారు గనుల ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున వున్నది. ఇక్కడ గాలి పలచన. బంతి వంద గజాలకు రెండు మూడు గజాలు ఎక్కువ పోతుంది. ఇక్కడ రాసుకున్న లెక్కతో మదరాసులో ఆడితే బంతి తక్కువ పడుతుంది. గాలివాటమూ అంతే. సైనైడు దిబ్బల మీద ధూళి ఎటు లేస్తున్నదో చూసి గాలి పోకడ చెప్పగల కన్ను మనవాళ్ళకుంది. ఆ కన్నును గడియారం వచ్చిందని మూసుకోకూడదు.

నిబంధనల సంగతి. 2019 జనవరి 1 నుంచి దూరం కొలిచే యంత్రాన్ని ఆటలో వాడుకోవచ్చు. పోటీ జరిపేవారు ప్రత్యేకంగా నిషేధిస్తే మాత్రం కూడదు. ఎత్తుపల్లాలు కొలిచిపెట్టటం, గాలిని లెక్కగట్టి ఏ కర్ర వాడాలో సలహా చెప్పటం వంటివి మాత్రం పనికిరావు. అలాంటి సదుపాయం మీ గడియారంలో వుంటే పోటీకి ముందే ఆపెయ్యండి. ఆపారో లేదో పక్కవాడికి తెలియదు. తెలిసేది మీకే.

ఇక్కడ మన బిడ్డ ఒకడి సంగతి చెప్పాలి. సాహిత్ తీగల తలిదండ్రులు హైదరాబాదు నుంచి వెళ్ళి కాలిఫోర్నియాలో స్థిరపడ్డవారు. అతను 2023 సెప్టెంబరులో నాపా పట్టణంలో జరిగిన పోటీలో అమెరికా పి.జి.ఏ. టూర్ మీద తన మొదటి విజయం సాధించాడు. మరుసటి యేడు అట్లాంటాలో టూర్ ఛాంపియన్‌షిప్ మూడోరోజు, ఇసుక గుంటలో కర్ర వెనక్కు ఎత్తుతున్నప్పుడు కాస్త ఇసుక తగిలినట్టు అతనికి తోచింది. నిబంధన ప్రకారం అది తప్పు. తనంతట తానే చెప్పి రెండు దెబ్బల శిక్ష వేయించుకున్నాడు. పోటీ ముగిసేసరికి మూడో స్థానం దక్కింది. రెండో స్థానంలో నిలిచినవానికీ అతనికీ తేడా సరిగ్గా రెండే దెబ్బలు! ఆ రెండు దెబ్బల ధర లక్షల డాలర్లు.

గనిలో పదివేల అడుగుల లోతున ఏ ఉపగ్రహ సంకేతమూ చేరదు. భూమి మీద గీసిన గీతను తూకం తీగలతో పాతాళానికి దింపి, దుర్భిణి పెట్టి కొలిచి, సొరంగాలకు దారి చూపేవారు. కొలతలో కాస్త అబద్ధం దొర్లితే తవ్వకం దారి తప్పుతుంది. అలాంటి ఊళ్ళవాళ్ళకు కొలత విలువ ఎవరూ నేర్పనక్కరలేదు. గడియారం గుంత దూరం చెబుతుంది. మన దూరం మనమే నిజాయితీగా రాసుకోవాలి. ఈ ఆదివారం పొద్దున్నే పది బంతులూ, ఒక నోటుపుస్తకమూ తీసుకుని బయలుదేరండి. వెంట మనవణ్ణో, మనవరాలినో తీసుకువెళ్ళి అంకెలు రాయించండి. పిల్లలు తాతగారి కోసం గజాలు కలిపి రాయరు!