చెరువు నీళ్లకు వంతులుంటే బీడుకెందుకుండకూడదు?



మన అనంతపురం జిల్లాలో వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్త నీళ్లు పంచుకోడానికి మన పెద్దలు చెరువు కింద వంతులు పెట్టినారు, నీరుగంటిని పెట్టినారు. అదే వానకు మొలిచే కసువుకు మాత్రం వంతు లేదు. తొలకరి పడి బీడు పచ్చబడిందో లేదో, ఊరి జీవాలన్నీ ఒకే చోట దిగుతాయి. అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నట్టుంది.

జీవాలు ఎక్కువైనాయి, అందుకే మేత లేదంటాం. అందులో నిజం లేకపోలేదు. కానీ ఫ్రాన్స్‌లో ఆవులు మేపుకుంటూనే గడ్డి మీద పరిశోధన చేసిన ఆంద్రే వోయిజన్ 1957లో పుస్తకం రాసి ఇంకో సంగతి చెప్పినాడు. పశువులెన్ని అనేదానికన్నా, అవి ఒకే చోట ఎన్ని రోజులున్నాయి, మళ్లీ ఎన్నాళ్లకు వచ్చినాయి అనేదే ముఖ్యమని.

ఆలోచిస్తే మనకూ తెలిసిందే. కొరికిన కసువు మళ్లీ చిగురేసేది దాచుకున్న బలంతో. నాలుగాకులు రాకముందే ఇంకోసారి కొరికితే వేరు చిక్కిపోతుంది. ఏటా ఇట్లే జరిగితే మంచి కసువు పోయి, జీవాలు ముట్టని వయ్యారిభామ మిగుల్తుంది.

నేను అడిగేది ఇంతే. బీడును నాలుగు భాగాలు చేసుకుందాం. వానాకాలంలో ఒక్కో భాగంలో వారం మేపి పక్కదానికి పోదాం. మేసిన భాగానికి మూడు వారాలు విడుపు దొరుకుతుంది. తాము వేసిన పెంటికల మీదే జీవాలు రోజూ మేసేది తగ్గుతుంది కాబట్టి నట్టల బాధ కూడా కొంత తగ్గుతుంది. మూడు వారాలకే నట్టలన్నీ చావవు, మందు తాపడం మాత్రం మానొద్దు.

ఎండాకాలం కసువు పెరగదు, అప్పుడు వంతులు కొత్త మేత పుట్టించవు. అందుకే వానల చివర్లో ఒక భాగాన్ని విత్తనం రాలేదాకా వదిలేయాల. ఆ ఎండు కసువే ఎండల్లో ఆదుకుంటుంది. ఏటా ఆ భాగం మార్చుకుంటూ పోవాల.

కంచెకు డబ్బెక్కడిది అంటారు. వంక, గుట్ట, బండిదారి ఉన్నాయి కదా, అవే హద్దులు. పొరుగూరి మందలొస్తే కొట్లాటెందుకు, వాళ్లకూ అదే వంతు చెబుదాం.

ఒక్క మాట గట్టిగా చెప్పాల. దీనివల్ల సెంటు భూమి లేని కాపరి నష్టపోకూడదు. మనకు గట్లున్నాయి, చొప్పుంది. ఆయనకు బీడొక్కటే. ఏ మూలన ఎప్పుడు కసువొస్తుందో ఆయనకే బాగా తెలుసు. వంతులు ఎట్లా వేయాలో ముందు ఆయన్నే అడగాల. ఆయన్ను పక్కన పెట్టి చేసే కట్టుబాటు వారం కూడా నిలబడదు, నిలబడకూడదు కూడా.

తొలకరి రాకముందే ఎవరి ఊర్లో వాళ్లు రచ్చకట్ట కాడ కూర్చోండి. కుదరదనుకునేవాళ్లు ఎందుకు కుదరదో కింద రాయండి, మాట్లాడుకుందాం.