సాకుడు ఇల్లు: దిక్కులేని కుక్కపిల్లను గూర్చి కొన్ని మాటలు

మంచిపని నారంభింపవలెనను కోరిక కలుగుట సులభము. దానిని కడముట్ట నడుపుట కష్టము. వానకు తడిసి అరుగుక్రింద వణకుచున్న కుక్కపిల్లను చూచి జాలిపడని బాలుడుండడు. దానిని చంకనిడుకొని ఇంటికి తెచ్చువారును మనలో పలువురు గలరు. కాని ఆ పిల్ల ఆరేడు నెలల ప్రాయమునకు వచ్చి, చెప్పులు కొరికి, ఆరవేసిన బట్టలు లాగి, ఇంటికి వచ్చినవారిమీద కెగిరి, రాత్రి జామున మొరుగ నారంభింపగానే, దానిని సంచిలో పెట్టుకొనిపోయి ఊరివెలుపల విడిచి వచ్చువారును మనలోనే కలరు. తెచ్చినవాడు క్రూరుడు కాడు. విడిచినవాడును తరచుగా క్రూరుడు కాడు. తెచ్చుటకును, తగిన ఇల్లు చూచి యిచ్చుటకును నడుమ ఉండవలసిన ఏర్పాటు లేకపోవుటయే ఈ కీడునకు మూలము. ఆ నడిమి యేర్పాటును నేను సాకుడు ఇల్లు అని పిలుచుచున్నాను. అట్టి ఇండ్లు నంద్యాలయందును ఆళ్లగడ్డయందును కొన్నియైన నుండవలెననుట ఈ వ్యాసముయొక్క తాత్పర్యము.

ఈ తలపు మనకు క్రొత్తది కాదు. మహాభారతకథ ఆదిపర్వమున ఒక కుక్కపిల్ల మొరతోనే యించుమించుగా మొదలగుచున్నది. తప్పు చేయని పిల్లను జనమేజయుని తమ్ములు కొట్టగా, దాని తల్లి సరమ యజ్ఞము జరుగుచోటికి వచ్చి న్యాయమడిగెను. మరల మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానొల్లడయ్యెను. మొదటి కథ నిరపరాధిని శిక్షింపరాదని చెప్పుచున్నది. రెండవది నమ్మిన ప్రాణిని నడిత్రోవలో విడువరాదని చెప్పుచున్నది. మన సాకుడు ఇంటికి ఈ రెండు సూత్రములును చాలును.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. వీథిలోనే పుట్టి, పెరిగి, ఆ వీథివారి అన్నమునకు అలవాటుపడిన పెద్దకుక్క వేరు. ఇంట పెరిగి వెళ్లగొట్టబడినదియు, తల్లిని కోల్పోయిన పిల్లయు వేరు. 2023లో కేంద్రప్రభుత్వము వెలువరించిన జంతు సంతాన నియంత్రణ నియమముల ప్రకారము, వీథికుక్కలను పట్టి, శస్త్రచికిత్స చేయించి, రేబిసు టీకా వేయించి, పట్టిన ప్రదేశముననే విడువవలెను. ఆ పని స్థానికసంస్థల బాధ్యత. ప్రతి వీథికుక్కను ఇంటిలోనికి ఈడ్చుకొని రావలెనని నేను చెప్పబోను. తనంతట బ్రతుకలేని పిల్లయు, మనుష్యుని నమ్మి మోసపోయిన పడుచు కుక్కయు ఇచ్చటి ప్రసక్తము.

ఈ విషయము పాఠశాలలకు దూరమైనది కాదు. 2025 నవంబరు 7వ తేదీన సుప్రీం కోర్టువారు విద్యాలయములు, వైద్యశాలలు, క్రీడాప్రాంగణములు, బస్సు స్టాండులు, రైల్వే స్టేషనులు మొదలగువాని ఆవరణములనుండి వీథికుక్కలను తొలగించి, శస్త్రచికిత్సయు టీకాయు అయిన పిమ్మట ఆశ్రయస్థానములకు చేర్పవలెననియు, మరల అచ్చటనే విడువరాదనియు ఆజ్ఞాపించిరి. అదే సంవత్సరము ఆగస్టు 22వ తేదీన ఢిల్లీ విషయమై యిచ్చిన ఉత్తరువునందు, కోరినవారు కుక్కలను దత్తు తీసికొనవచ్చుననియు, తీసికొన్నవారు వానిని మరల వీథికి రానీయరాదనియు చెప్పిరి. బడి గోడ ప్రక్కన పుట్టిన నాలుగు పిల్లలకు ఇక రెండే త్రోవలు: ఆశ్రయస్థానపు బోను, లేదా ఒక ఇల్లు. ఇంటి త్రోవ తెరువగలవారము మనమే.

విశాలమైన ఆశ్రయములు పెద్ద నగరములకు తగినవి. లండనులో మేరీ టీల్బీ అను స్త్రీ 1860లో స్థాపించిన శరణాలయము బాటర్సీ పేరుతో నేటికిని ప్రసిద్ధము. చెన్నపట్టణమున 1959లో బ్లూక్రాసు సంఘము వెలసెను. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల గారు అట్టి సంస్థను నెలకొల్పిరి. వీరు చేసిన మేలు గొప్పది. కాని శరణాలయమెంత మంచిదైనను, పలు కుక్కలు ఒకచోట చేరినప్పుడు రోగభయము తప్పదు. 1978లో మొదట గుర్తింపబడిన పార్వో అను అంటువ్యాధి టీకా లేని పిల్లలను రెండు మూడు దినములలో చంపగలదు. దాని సూక్ష్మక్రిమి నేలయందు నెలల తరబడి నిలిచియుండును. పైగా బోనులో నున్న కుక్క ఇంటిలో ఎట్లు మెలగునో ఎవ్వరును చెప్పలేరు. ఒక సామాన్య గృహస్థుని వసారాయే ఈ రెండు చిక్కులకును మందు.

ఇక చురుకైన పడుచు కుక్కను గూర్చి. ప్రజలు దీనిని పిచ్చిది, దుడుకుది, పనికిమాలినది అందురు. దాని ప్రాయమును తెలిసికొన్నచో ఆ మాట అనరు. నాలుగు మొదలు ఆరు నెలలలోపల పాలపండ్లూడి కొత్తపండ్లు వచ్చును; అప్పుడు చిగుళ్ల దురదచే దొరికినదెల్ల కొరుకును. ఎనిమిదవ నెల వచ్చుసరికి అది మన పదునాలుగేండ్ల కుఱ్ఱవానివంటిది. 2020లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ విశ్వవిద్యాలయపు పండితులు తోడివారితో గూడి పరిశోధించి, ఐదు నెలల వయసుననున్న విధేయత ఎనిమిది నెలల వయసున తగ్గుననియు, అదియు ముఖ్యముగా తన్ను పెంచువారి యెడలనే తగ్గుననియు కనుగొనిరి. ఏడాది నిండునప్పటికి ఆ యావేశము అణగును. లోకమున కుక్కలు వెళ్లగొట్టబడునది సరిగా ఈ నడిమి నెలలలోనే యని గ్రహించినచో, మనమెంత తొందరపడుచున్నామో తెలియగలదు. పదునాలుగేండ్ల పిల్లవాడు గోడ దూకినాడని ఇంటినుండి వెళ్లగొట్టు తండ్రి యెవ్వడు?

కావున సాకుడు ఇంటివారు చేయవలసిన పని యేమనగా, ఆరు వారములో రెండు నెలలో దానిని తమ యొద్ద నుంచుకొని, దాని గుణములను చూచి, మర్యాద నేర్పి, తగిన వారికి అప్పగించుట. వచ్చిన మొదటి రెండు వారములు ఇతర కుక్కలతో కలియనీయక వేరుగ నుంచి, పశువైద్యునికి చూపి, గోమార్లను తీయించి, నులిపురుగుల మందు వేయింపవలెను. మూడు నెలలు నిండిన పిల్లకు రేబిసు టీకా తప్పనిసరి. వైద్యుడు చెప్పిన గడువున మరియొక మాత్రయు, ఆ పిమ్మట ఏటేటను టీకాయు ఉండవలెను. తగిన ప్రాయమున శస్త్రచికిత్స చేయింపవలెను. లేనిచో ఒక పిల్లను రక్షించి పది పిల్లలను వీథిపాలు చేసినవారమగుదుము.

కట్టివేయుట శిక్షణ కాదు. పగలంతయు గొలుసుతో కంబమునకు కట్టబడిన పడుచు కుక్క సాయంకాలమున విప్పగానే వెఱ్ఱిదానివలె పరుగెత్తుట దాని తప్పు కాదు. దానికి ఉదయ సాయంకాలములు నడక కావలెను. మన నంద్యాల ఎండలలో తారు రోడ్డు కాళ్లను కాల్చును గావున, వేసవిలో ఆ నడక సూర్యోదయమునకు ముందును, చీకటి పడిన తరువాతను జరుగవలెను. ఆటతోపాటు బుద్ధికిని పని యుండవలెను: పిలిచిన వచ్చుట, కూర్చుండుమనిన కూర్చుండుట, అన్నము పెట్టువరకు ఓర్చుట. ఎగిరినప్పుడు కొట్టక, మాటాడక, మొగము త్రిప్పుకొని, నాలుగు కాళ్లును నేలనుంచినప్పుడే నిమిరినచో, కొద్ది వారములలో ఎగురుట మానును. ఇంటిలో తినునదే, అన్నమో సంగటియో మజ్జిగతోను, ఉడికించిన గ్రుడ్డుతోను కలిపి పెట్టవచ్చును. ఉల్లిపాయయు, ద్రాక్షయు, చాకొలేటును, వండిన ఎముకలును పెట్టరాదు.

పిమ్మట ఇల్లు వెదకుట. ఇచ్చటనే మనవారు ఎక్కువ పొరపాటు పడుదురు. "ఆళ్లగడ్డలో మా మామకు తోటయున్నది, అచ్చటికి పంపెదము" అని యొకడనును. మరునాడే ఆ పిల్లను బస్సెక్కించి పంపుదురు. నంద్యాలకును ఆళ్లగడ్డకును దూరము సుమారు 40 కిలోమీటర్లే. కాని కుక్కకు అది వేరు లోకము. తోట యుండుటతోనే సరిపోదు. తోటలో రాత్రివేళ మనుష్యులుందురా? ఆ పొలము నల్లమల అంచున నున్నచో చిరుతపులి భయము కలదు. పైగా వేటయలవాటు పడిన కుక్క అడవి జంతువులను తరుమును, రోగములను అంటించును. 2018లో గిర్ అడవిలో ఇరువదికి పైగా సింహములు మరణింపగా, వానిలో కొన్నింటియందు కుక్కలకు వచ్చు డిస్టెంపరు వ్యాధిక్రిమి కనబడెను. అడవి ప్రక్కనుండు కుక్కకు టీకా వేయించుట పులికిని మేలు. ఆళ్లగడ్డ శిల్పులకు ప్రసిద్ధమైన ఊరు; దినమెల్ల ఉలిచప్పుడు విన్నను బెదరని కుక్కకు శిల్పశాల ముంగిలి స్వర్గమే, ప్రతి చప్పుడునకును నక్కి దాగు కుక్కకు అదియే నరకము. పెద్ద ఇల్లు ఏది యని గాక, ఈ కుక్కకు తగిన ఇల్లు ఏది యని అడుగవలెను.

కావున ఇచ్చుటకు ముందు పోయి చూడవలెను. ఇంటిలోని వారందరును ఒప్పుకొనిరా? అద్దె ఇల్లయినచో ఇంటి యజమాని ఒప్పుకొనెనా? పసిపిల్లలును ముసలివారును ఉన్నచో ఎగిరెడు కుక్క వారిని పడద్రోయదా? పెంచువాడు సెలవులకు ఊరికి పోయినప్పుడు దీనికి అన్నమెవరు పెట్టుదురు? దీపావళి టపాకాయల దినములలో కొత్త ఇంటికి పంపరాదు; బెదరి పారిపోవును. పంపునప్పుడు దానితోపాటు ఒక చీటి పోవలెను. అందు టీకాల తేదీలు, తిను పదార్థములు, భయపడు వస్తువులు, చేసెడు అల్లరియు దాచక వ్రాయవలెను. వెయ్యి అబద్ధములాడి యొక పెండ్లి చేయవచ్చునందురు. కుక్క విషయమున ఒక్క అబద్ధమాడినను, అది వారము తిరుగక మునుపే గడపకు తిరిగి వచ్చును. వచ్చినచో మారుమాటాడక తీసికొందుమను మాట కూడ ముందే యిచ్చి యుండవలెను. ఆ మాట లేకపోవుటచేతనే విసిగినవారు దానిని రోడ్డుమీద విడుచుచున్నారు. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరమని చాలమందికి తెలియదు.

దీనికి కొన్ని ఆక్షేపణలు చెప్పుదురు. దిక్కులేని మనుష్యులుండగా కుక్కలకేల యీ సేవ యని కొందరందురు. ఒక ఇంటి మిగులు అన్నమును, ఒక బాలుని సాయంకాలమును ఏ అనాథబాలుని నోటినుండియు తీసినవి కావు. దయ కుండలోని నీరువంటిది కాదు, ఊటబావివంటిది, చేదినకొలది ఊరును. రెండవ ఆక్షేపణ బరువైనది: కుక్కకాటు. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది రేబిసువలన మరణించుచున్నారని అంచనా. అనుమానముగల జంతువులచే కరవబడువారిలో నూటికి 40 మంది పదునైదేండ్లలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఈ భయమును తేలికగ త్రోసివేయరాదు. కుక్క కరచినను గీరినను, వెంటనే పదునైదు నిమిషములు సబ్బుతోను పారునీటితోను కడిగి, పసరులు, సున్నము, కారము పూయక, ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. రోగలక్షణములు కనబడిన పిమ్మట దాదాపుగా బ్రతుకు లేదు. పాస్టరు పండితుడు 1885 జూలై 6వ తేదీన జోసెఫ్ మైస్టరను తొమ్మిదేండ్ల బాలునికి ఈ టీకా వేసిన నాటినుండి, సకాలమున వేయించుకొన్నవారికి అభయము కలదు. అయితే ఈ ఆక్షేపణయే సాకుడు ఇంటికి అనుకూలమైన సాక్ష్యము. టీకా లేక, మర్యాద నేర్వక, మనుష్యునిచే రెండుమార్లు విడువబడి తిరుగు కుక్క బాలురకు అపాయము. టీకా వేయబడి, ఒక గడపను నమ్ముకొన్న కుక్కవలన ఆ యపాయము మిక్కిలి తగ్గును.

మూడవ ఆక్షేపణ మనసునకు సంబంధించినది. రెండు నెలలు పెంచి యిచ్చుట ఎట్లు? కన్నీరు రాదా? వచ్చును. ఉపమానమును హద్దుదాటి లాగుట తగదు గాని, పక్షుల నడుమ దొరికిన శకుంతలను పెంచిన కణ్వమహర్షి, సర్వసంగ పరిత్యాగియయ్యును, ఆమెను పంపునాడు కలతపడెను, కలతపడినను పంపెను. ఉంచుకొనుట ప్రేమయే, తగినచోటికి పంపుట అంతకంటె కష్టమైన ప్రేమ. పంపినవాని వసారా ఖాళీ యగును. ఆ ఖాళీలోనికే మరియొక పిల్ల రాగలదు. అందరిని ఉంచుకొనువాడు మూడవదానితో ఆగిపోవును.

విద్యార్థులారా, మీరు చేయగలిగినది స్వల్పమైనను గట్టిపని. పెద్దల యనుమతితో ఒక నోటుపుస్తకమున, నంద్యాలలో మూడు ఇండ్లును ఆళ్లగడ్డలో రెండు ఇండ్లును వ్రాసికొనుడు; ఒక్కొక్క యింటికి ఒకసారి ఒక్క కుక్కయే. పశువైద్యుని సలహా లేక దేనిని ముట్టకుడు. కరచు కుక్కను, రోగముతో చొంగకార్చు కుక్కను సమీపింపక పెద్దలకు తెలుపుడు. జూలై 6వ తేదీన అనేక ప్రభుత్వ పశువైద్యశాలలలో రేబిసు టీకాలు ఉచితముగా వేయుదురు. ఆ దినమును పరీక్షతేదీవలె జ్ఞాపకముంచుకొనుడు. పోయిన కుక్కను నెలకొకసారి విచారించి చీటిలో వ్రాయుడు. ఏడాదికి నాలుగు కుక్కలు మంచి గడపలు చేరినను, ఆ నాలుగింటికి అదియే సమస్తము. అంతకంటె ముఖ్యముగా, తొందరపడి తెచ్చి తొందరపడి విడిచెడు అలవాటు మన యూళ్లనుండి కొంతకు కొంతయైన తొలగును. చేపట్టిన ప్రాణిని చేయివిడువక తగినచోట చేర్చుట నేర్చిన బాలుడు, రేపు పెద్దవాడై చేపట్టిన మనుష్యుని చేయియు విడువడు.