గృహిణీ విరామము: ఊయల వంటి సంగీతము, బైసికిలు విహారము

ఇంటిలో నందరకును విశ్రాంతి నిచ్చునది గృహిణి. శిశువునకు జోల, పెద్దలకు పానుపు, బడినుండి వచ్చిన బిడ్డలకు ఫలహారము, ఇవన్నియు నామె చేతిమీదుగనే నడచును. ఉద్యోగమునకు పోవు సోదరికి కచేరిపని ముగిసిన పిదప ఇంటిపని యెదురుచూచుచుండును. అందరను నిద్రపుచ్చు నీ తల్లికి విశ్రాంతి నెవరిచ్చెదరను ప్రశ్న మాత్రము ఏ యింటను వినరాదు. "పని తీరిన పిమ్మట కూర్చుండవచ్చును గదా" యని యందురు. ఇంటిపని తీరుట యెన్నడైన కలదా? కావున విశ్రాంతిని మిగిలిన కాలముగా గాక, ముందే నియమించుకొనిన కాలముగా తీసికొనవలయునని నా మనవి. అట్టి అరగంటకు తగిన రెండు వినోదములను ఈ నెల ముచ్చటించెదను. ఒకటి చెవికి, రెండవది కాళ్లకు.

మొదటిది సంగీతము. మనమెరిగిన పాటలను వినునపుడు మనస్సు పాత జ్ఞాపకముల వెంట పరుగిడును. ఎన్నడును వినని సంగీతమున కట్టి చిక్కు లేదు. ఫ్రాన్సు దేశీయుడగు ఎరిక్ సటీ (1866–1925) యను స్వరకర్త 1888లో పియానోకై "జిమ్నోపెదీ" లను మూడు చిన్న కృతులను రచించెను. ఒక్కొక్కటి కొలది నిమిషములలో ముగియును. మొదటి కృతిని వినుడు. ఎడమచేయి మంద్రస్థాయిలో నొక స్వరమును పలికించి, వెంటనే పై స్వరములు కొన్నింటిని కలిపి మ్రోగించును. మరల మంద్రస్వరము, మరల స్వరగుచ్ఛము. మూడేసి మాత్రల నడక. వినువారికి ఊయల ఇటునటు నూగుచున్నట్లు తోచును. కొంత తడవునకు కుడిచేతి రాగము, నిద్రించు బిడ్డను చూడవచ్చిన తల్లివలె, అడుగుల చప్పుడు లేక ప్రవేశించును.

మన సంగీతమునకు ప్రాణమైన గమకము పియానోపై పలుకదు. స్వరము మ్రోగి, తనంతట తానే క్షీణించిపోవును. ఆ క్షీణించుటలోనే ఈ కృతుల సొగసున్నది. మూడింటిని విలంబముగా వాయింపవలయుననియు, ఒకదానిని బాధతో, ఒకదానిని విషాదముతో, ఒకదానిని గాంభీర్యముతో వాయింపవలయుననియు స్వరకర్తయే సూచించెను. అయినను వినువారికి దుఃఖము కలుగదు. ఏడ్చి యూరడిల్లిన పిదప కలుగునట్టి నెమ్మది కలుగును.

"పరదేశపు సంగీతము మనకేల?" యని కొందరనవచ్చును. నేడు మన కచేరీలలో గాయకుని ప్రక్కన తప్పక నుండు వయొలిను ఎక్కడిది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల యొద్ద దానిని అభ్యసించి, మన సంగీతమునకు తెచ్చిన వారిలో ప్రథమగణ్యులు. అది నేడు మన యింటి బిడ్డయైనది. ఇక ఊయల నడక మనకు క్రొత్తది కాదు. నీలాంబరి రాగము జోలకు ప్రసిద్ధము. త్యాగరాజస్వామి ఆ రాగముననే ఊయల కీర్తన రచించిరి. ఒకనాడు సటీ కృతిని, మరునాడు వీణపై నీలాంబరిని విని చూడుడు. దేశములు వేరైనను తొట్టి యూపు చేయి ఒక్కటేయని తెలియును.

వినుటకు పద్ధతి యొకటి కలదు. చేతిలోని ఫోనునందే ఈ కృతులు దొరకును, ఖర్చు లేదు. కూర తరుగుచు, బట్టలు మడచుచు వినవలదు. దీపము తగ్గించి, శబ్దము తగ్గించి, ఊరక కూర్చుండి వినుడు. వారము దినములు ఒకే కృతిని వినుడు. మందగతి గల సంగీతము వినునపుడు శ్వాస మెల్లపడుట మీకే తెలియును. అయితే నిద్ర బొత్తిగా పట్టకున్నను, దిగులు విడువకున్నను వైద్యుని చూడవలయునే కాని సంగీతమునే మందుగా నమ్మి యూరకుండరాదు.

రెండవది బైసికిలు. సటీ ఆ కృతులను రచించిన 1888వ సంవత్సరముననే, బెల్‌ఫాస్టు పట్టణమున జాన్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టమును తొడిగి, కుదుపు లేకుండ చేసెను. అంతకు మూడేండ్లు ముందు, 1885లో, ఇంగ్లాండున జాన్ కెంప్ స్టార్లీ గొలుసుతో వెనుక చక్రమును త్రిప్పు "రోవర్" సైకిలును సిద్ధపరచెను. ఈ రెండును కలియుటచే పడుచువారి సాహసక్రీడగా నుండిన సైకిలు స్త్రీలకును వృద్ధులకును వాహనమైనది.

"ఈ వయస్సున నేర్చుకొనుటయా?" యని సందేహింపవలదు. అమెరికా దేశమున మద్యపాన నిషేధమునకై పాటుపడిన ఫ్రాన్సిస్ విల్లర్డ్, తల్లి మరణించిన దుఃఖములో నుండగా, ఏబదిమూడేండ్ల వయస్సున సైకిలు నేర్చుకొన మొదలిడెను. దినమునకు పావుగంట చొప్పున సుమారు మూడు నెలలు అభ్యసించి, ఆ యనుభవమును 1895లో పుస్తకముగా ప్రకటించెను. తన సైకిలునకు "గ్లాడిస్" అని ముద్దుపేరు పెట్టుకొనెను. ఆంగ్ల స్వరకర్త ఎడ్వర్డ్ ఎల్గార్ సహితము నలుబది దాటిన పిదపనే నేర్చి, తన సైకిలును "మిస్టర్ ఫీబస్" అని పిలుచుకొనుచు పల్లెబాటల తిరుగుచుండెడివాడు.

నేర్చుకొను విధము సులభము. పీట తగ్గించి, రెండు పాదములు నేలకానునట్లు కూర్చుండి, కాళ్లతో నేలను నెట్టుచు ముందునకు పొండు. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన మొదటి ద్విచక్రమునకు పెడళ్లు లేవు. దాని నట్లే నడపెడివారు. తూకము కుదిరిన పిదప పెడళ్లపై పాదముంచి, పిమ్మట పీట నెత్తుడు. చీర కట్టువారు నడుమ అడ్డుకడ్డీ లేని లేడీస్ సైకిలును, గొలుసునకు మూతను, వెనుక చక్రమునకు జాలిని తప్పక పెట్టించుకొనవలయును. తెల్లవారుజామున ఖాళీ మైదానము మేలు. సైకిలుపై నున్నపుడు చెవులలో పాట పెట్టుకొనరాదు. వెనుకనుండి వచ్చు బండి చప్పుడు వినబడవలయును. అచట గాలియే సంగీతము.

"నలుగురు నవ్వుదురు" అనుటయే మనలను ఆపునది. తమిళనాడున పుదుక్కోట్టై జిల్లాలో 1990 దశాబ్ది యారంభమున, అక్షరాస్యతా ఉద్యమముతో పాటు వేలకొలది పల్లె స్త్రీలు సైకిలు నేర్చిరి. లేడీస్ సైకిళ్లు చాలకున్న, మగవారి సైకిళ్లనే యెక్కిరి. కార్యకర్తలు సైకిలు మీద పాట కట్టి పాడిరి. నవ్వినవారు నవ్విరి. అయినను ఆ స్త్రీలు నీటిబిందెలు సైకిలుకు తగిలించుకొని తెచ్చిరి, బిడ్డలను బడికి చేర్చిరి, తమ సరకును తామే సంతకు కొనిపోయిరి. బస్సుకొరకు గాని, తండ్రి కొరకు గాని, భర్త కొరకు గాని వేచియుండు పని తప్పెను. వారు పొందినది వినోదము మాత్రమే కాదు. తమ కాలము తమ చేతికి వచ్చెను.

సోదరీమణులారా! నేను కోరునది కూడ అదియే. దినమున నొక అరగంట మీ పేర వ్రాసికొనుడు. ఒకనాడు సంగీతము, ఒకనాడు సైకిలు. ఆ అరగంట ఇంటివారు తమ కాఫీ తాము కలుపుకొందురు గాక. ఇంటిలో కుమార్తెయో కోడలో యున్నచో ఆమెను గూడ వెంట తీసికొనిపొండు. సైకిలు పట్టుకొను చేయి తోడుండిన, నేర్చుకొనుట సగము సులువగును. మీ యనుభవములను వ్రాసి పంపుడు. వచ్చు నెలలో మరల ముచ్చటించుకొందము.