జామాయిల్ వాసన కూలి కడుపు నింపుతుందా?

చలిదేశాల్లో క్రిస్మస్ పండగ కోసం కమ్మటి వాసనొచ్చే ఫర్ చెట్లను ఏళ్ల తరబడి పెంచి నరుకుతారు. ఆ చెట్టు ఒంగోలు ఎండకు బతకదు. మనకున్న వాసన చెట్టు జామాయిల్. ఆస్ట్రేలియా నుంచి వచ్చి, కాగితపు మిల్లుల కోసం మన జిల్లా పొలాల్లో పాతుకుంది.

మిరపతోట వేస్తే నాట్లు, కలుపు, మూడు నాలుగు కోతలు, కల్లంలో తాలుకాయ ఏరివేత - నెలల తరబడి ఆడకూలీలకు పని. జామాయిల్ నాటితే? నాలుగేళ్లకోసారి నరుకుడు. అదీ ఎక్కువగా కాంట్రాక్టరు తెచ్చే ముఠాకే. మొద్దు మళ్లీ చిగురిస్తుంది గనక వెంటనే నాటే పనీ లేదు. పట్నంలో కూర్చున్న ఆసామికి ఇది సుఖం. కౌలురైతుకు భూమి పోయె, కూలీకి పని పోయె.

అలాగని చెట్టు మీద కోపం దేనికి? నీళ్లు లేక, అప్పులకు జడిసి జామాయిల్ వేసిన చిన్నరైతూ ఉన్నాడు. ప్రభుత్వం ప్రకటించిన ధర అందక జిల్లా రైతులు ఎన్నోసార్లు రోడ్డెక్కారు.

రైతుకు గిట్టుబాటు ధర, నరికే కూలీకి టన్నుకింతని న్యాయమైన రేటు, పని పోయిన ఊళ్లలో ఉపాధి పనులు - ఈ మూడూ ఒకే కోర్కెల పత్రంలో ఉండాలి. విడివిడిగా అడిగితే ఒకర్ని చూపించి ఇంకొకర్ని కొడతారు.