కాలువ తవ్వినవాళ్ల కథ మనదే

ఈ మధ్య మూడు పుస్తకాలు చదివాను. మూడూ కొత్తవి కావు. ఒకటి 1914లో, ఒకటి 2000లో, ఒకటి 2017లో వచ్చింది. వాటి మీద నా అభిప్రాయం మీతో పంచుకోవాలనిపించింది.

వాటిని వెతుక్కుని చదవడానికి కారణం ఒక ప్రశ్న. మాది చెన్నైలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. ఒక ఆదివారం యౌవనస్థుల కూటం ముగిశాక ప్లస్ టూ చదివే అబ్బాయి పక్కకు వచ్చి, "అంకుల్, మీ తాతలు తిండి కోసం మతం మారినవాళ్లేగా అని మా క్లాసులో ఒకడన్నాడు. నిజమేనా?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. "వాళ్ల కోసం ప్రార్థన చెయ్యి" అని పంపేశాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. యాభై ఏళ్లుగా గుడికి వెళ్తున్నాను. అబ్రాహాము వంశావళి చెప్పగలను. మా ముత్తాత ఎందుకు బాప్తిస్మం తీసుకున్నాడో చెప్పలేకపోయాను.

మొదట చదివింది ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆత్మకథ, 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్'. ఆయన చెప్పగా భార్య ఎమ్మా రాశారు. ఆయన చనిపోయిన నాలుగేళ్లకు అచ్చయింది. ధాత కరువు రోజుల్లో, అంటే 1876-78 మధ్య, ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్వించింది. సర్వే పని తెలిసిన క్లౌ అందులో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. అంటే మనవాళ్లు తిన్నది బిచ్చం కాదు, ఎండలో మట్టి మోసి సంపాదించుకున్న కూలి. ఇంకో సంగతి కూడా ఉంది. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సహాయం జరిగినన్నాళ్లూ, సుమారు పదిహేను నెలలు, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ అబ్బాయికి చెప్పడానికి ఇంతకంటే మంచి జవాబు లేదనుకుని పుస్తకం మూశాను. తర్వాత ఆలోచిస్తే మనసు కుదుట పడలేదు. కడుపు నిండినవాడు గుడికొస్తే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఆకలిగా ఉన్నవాడి భక్తికే ఎందుకు పరీక్ష? అయిదువేల మందికి రొట్టెలు పంచిన ప్రభువు, ముందు మీ మనసు శుద్ధమో కాదో చూస్తానని అనలేదు. క్లౌ ఉద్దేశం మంచిదే, ఆ జాగ్రత్త అప్పట్లో అవసరమే కావచ్చు. కానీ ఆ 2,222 మందిలో ఒక్కరి నోటి వెంట వాళ్ల కథ వినాలనిపించింది. పేరయ్య వంటి ఒకరిద్దరి సంగతులు తప్పిస్తే ఆ పుస్తకంలో మనవాళ్లు ఎక్కువగా అంకెల్లోనే కనిపిస్తారు.

ఆ లోటు తీర్చిన పుస్తకం జి. కళ్యాణరావు నవల 'అంటరాని వసంతం'. ఇందులో కథను రూతు గుర్తు చేసుకుంటుంది. మిషనరీ రాకముందే మనకు పాటలున్నాయి, ఆటలున్నాయి, వీధి నాటకాలున్నాయి అని ఎల్లన్న, సుభద్రల కథలో చూస్తాం. ఆ తర్వాత కరువొస్తుంది, కాలువ పనులొస్తాయి. ఆకలి అందరిదీ ఒకటే అయినా కాలువ గట్టు మీద కూడా కులం వెంటపడుతుంది. అక్కడి నుంచే శివయ్య సైమన్ అయ్యే దారి మొదలవుతుంది. మనిషిగా చూసే చోటికి మనిషి నడిచి వెళ్లడాన్ని మతం అమ్ముకోవడం అంటారా? ఈ ప్రశ్న నాలో నాటుకుపోయింది.

ఈ నవల మన విశ్వాసులకు అక్కడక్కడ ఇబ్బంది కలిగిస్తుంది. రచయిత విప్లవ రాజకీయాలున్నవాడు. క్రైస్తవ్యం దారిలో ఒక మజిలీ, గమ్యం వేరే అన్నట్టు కథ నడుస్తుంది. దాంతో నేను ఏకీభవించను. కాలువ తవ్విన మా ముత్తాతకు యేసు మజిలీ కాదు, ఇల్లు. అయినా మా ముత్తాత ముఖం నాకు కనిపించింది ఈ నవలలోనే తప్ప ఏ ప్రసంగంలోనూ కాదు. ఆ రుణం ఒప్పుకోవాలి.

మూడోది సుజాత గిడ్ల రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'. కాలువ తవ్విన తరం మనవలు, మునిమనవల కాలానికి ఏమైందో ఈ పుస్తకం చెబుతుంది. వాళ్లది వేరే ఊరు, వేరే మిషన్. కథ మాత్రం మనకు తెలిసినదే. మిషన్ బడి, టీచరు ఉద్యోగం, పట్టుదలగా చదివిన పిల్లలు. పెద్ద కొడుకు సత్యమూర్తి, శివసాగర్ పేరుతో పాటలు రాసిన కవి. సమానత్వం కోసం పార్టీలోకి వెళ్లి, అక్కడా కులాన్ని చూసినవాడు. నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం ఆయన చెల్లెలు మంజుల. కాశీ వెళ్లి ఎం.ఏ. చదివి, కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. బయట కులంతో, లోపల అత్తింటి పెత్తనంతో రెండు చేతులా పోరాడింది. మన సంఘాల్లో ఇలాంటి అక్కలు, అమ్మలు ఎంతమందో! స్త్రీల మైత్రికి కానుకలు తెమ్మంటాం గానీ వాళ్ల కథ ఎప్పుడు అడిగాం?

చిన్నప్పుడు రచయిత్రికి క్రైస్తవులంటే అంటరానివాళ్లే అన్న భావన ఉండేది. అది చదివి నవ్వలేకపోయాను. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులం హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మనకు లేదు. కాగితం మీద మనకు ఆ కులం లేదు. ఊరిలో, అద్దె ఇంటి దగ్గర, పెళ్లి సంబంధం దగ్గర మాత్రం ఉంది. నిజం చెప్పుకోవాలంటే మన బల్లల మీద కూడా ఉంది. ఒకే కీర్తన పాడే రెండు సంఘాలు ఒకరి పిల్లను ఒకరు చేసుకోరు. 1867లోనే, మాదిగలను చేర్చుకోకుంటే మేమొస్తామని పై కులాలవాళ్లు చెప్పినా క్లౌ లొంగలేదు. ఆ తెగువను పొగుడుతాం, మన ఇంట్లో పెళ్లి దగ్గర మాత్రం పాటించం.

నా అభిప్రాయం ఒక్కటే. మన సంఘాల బల్లల మీద దినధ్యానాలు, సాక్ష్యాల పుస్తకాలు చాలా ఉన్నాయి, అవీ కావాలి. వాటి పక్కన మన పూర్వికుల కథ కూడా ఉండాలి. ఇశ్రాయేలీయులు ప్రతి పస్కా రాత్రి, తాము ఐగుప్తులో బానిసలమన్న సంగతి పిల్లలకు చెప్పుకునేవారు. దాన్ని సిగ్గుగా దాచలేదు, విడుదలగా చెప్పారు. మనం మాత్రం మన ఐగుప్తును దాచి, కనానులోనే పుట్టినట్టు నటిస్తున్నాం.

తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలు మన దగ్గర ఎక్కువ. వాళ్లకు 'అంటరాని వసంతం' ఇంగ్లీషులోనూ ఉంది. మిగతా రెండూ ఇంగ్లీషువే. ఇంకా మంచి దారి, యౌవనస్థుల కూటంలో వారానికి నాలుగు పేజీలు ఎవరైనా పైకి చదవడం. విన్నాక ఇంటికెళ్లి అమ్మమ్మను అడగమనండి. మన ఊరేది, మనం ఎందుకు కదిలాం, మొదట బాప్తిస్మం తీసుకున్నదెవరు అని. పెద్దవాళ్లు పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

ఆ అబ్బాయిని పోయిన ఆదివారం కాలువ దగ్గరికి తీసుకెళ్లాను. చెన్నైలో బకింగ్‌హామ్ కాలువ ఇప్పుడు మురుగు నీళ్లు, దాని మీద రైలు స్తంభాలు. "దీన్ని ఇక్కడి నుంచి ఉత్తరానికి పట్టుకుపోతే మన ఒంగోలు వైపు వెళ్తుంది" అన్నాను. తర్వాత చదివిందంతా చెప్పాను. వాడు కాసేపు నీళ్లకేసి చూసి, "అయితే అంకుల్, మనవాళ్లు అడుక్కోలేదు, తవ్వారు" అన్నాడు.

అవును, తవ్వారు. ఆ మాట వాడు రేపు క్లాసులో చెప్పగలడు. నేను మొదటి రోజే చెప్పాల్సింది.